సముద్రగర్భమున కాంతివార్తలు

2014వ సంవత్సరము మార్చి 8వ తేదీన మలేషియా దేశపు విమానమొకటి 239 మందితో కౌలాలంపూరునుండి బీజింగునకు బయలుదేరి నడిదారిలో అదృశ్యమయ్యెను. అది దక్షిణ హిందూమహాసముద్రమున పడియుండునని నిపుణులు లెక్కవేసిరి. ఏప్రిల్ నెలలో ఒక ఓడపైనుండి బ్లూఫిన్-21 అను రోబోను ఆ సముద్రములోనికి దింపిరి. మనుష్యుడెవ్వడును లోపల లేకయే తనంత తాను ఈదుచు, సముద్రపు అడుగును ధ్వనితో తడవి చిత్రించుకొనుట దాని పని. అడుగునకు చేరుటకు రెండు గంటలు, వెదకుటకు పదునాఱు గంటలు, మరల పైకి వచ్చుటకు రెండు గంటలు దానికి పట్టును. పైకి వచ్చిన తరువాత అది పోగుచేసిన చిత్రములను ఓడమీది కంప్యూటరులోనికి ఎక్కించుటకు మఱి నాలుగు గంటలు కావలెను. అంతవఱకును లోపల ఏమి కనబడినదో ఓడమీది వారికి పూర్తిగా తెలియు మార్గము లేదు. ఏప్రిల్ 14వ తేదీన తొలిసారి దింపినపుడు, ఆ చోట సముద్రము రోబో దిగదగిన 4500 మీటర్లకంటె లోతుగా నుండుటచేత అది ఆఱు గంటలకే వెదకుట మాని పైకి వచ్చివేసెను. ఆ వెదకులాటలో విమానము దొరకలేదు. ఒడ్డున వందలకొలది కుటుంబములు తమవారి జాడకై ఎదురుచూచుచుండగా, నీటిలోని యంత్రము తాను చూచినదానిని ఉన్నచోటనుండి చూచినట్లే చెప్పలేకపోవుట ఎంత పెద్ద కొఱతయో ఆ దినములలో స్పష్టముగా కానవచ్చెను.

నేలమీద ఒక యూరినుండి వేఱొక యూరికి వార్త పంపుట నేడు పసిపిల్లలకును తెలిసిన పనియే. సెల్‌ఫోనుగాని, రేడియోగాని, ఉపగ్రహముగాని రేడియో తరంగములతో మాటాడును. గాలిలో ఈ తరంగములు సుఖముగా సాగును. ఉప్పునీటిలో మాత్రము సాగవు. ఉప్పు కరగియుండుటచేత సముద్రజలము విద్యుద్వాహకమైనది. రేడియో తరంగము అందు ప్రవేశించినంతనే నీటిలో చిన్న చిన్న విద్యుత్ప్రవాహములు పుట్టి, తరంగపు శక్తిని వేడిగా మార్చివేయును. సెల్‌ఫోను వాడు తరంగము సముద్రములో జానెడు లోతు పోవునప్పటికే నశించును. తరంగము ఎంత పొడవైనదైన అంత లోతునకు చొరగలదు. అందుచేత జలాంతర్గాములకు ఆజ్ఞలు పంపుటకై పది, ఇరువది కిలోమీటర్ల పొడవుగల మహాతరంగములను వాడుదురు. తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లాయందు మన నౌకాదళమువారు 1990లో అట్టి కేంద్రమును నెలకొల్పిరి. రెండవ కేంద్రమునకు తెలంగాణలోని వికారాబాదు జిల్లా దామగుండమున 2024లో శంకుస్థాపన జరిగెను. ఇట్టి తరంగములు కొన్ని మీటర్లు మొదలుకొని కొన్ని పదుల మీటర్ల లోతువఱకు పోవును. అయితే వానిమీద వార్త మిక్కిలి మందముగా నడచును; వానిని పుట్టించుటకు ఆకాశమంటు స్తంభములు కావలెను గనుక జలాంతర్గామి ఆ మార్గమున బదులు చెప్పలేదు. నాలుగు వేల మీటర్ల అడుగున తిరుగాడు రోబోకు ఇవి కొఱగావు.

నీటికి చిరకాలపు చుట్టము శబ్దము. 1826లో జెనీవా సరస్సున కొల్లాడన్ అను భౌతికశాస్త్రజ్ఞుడును స్టర్మ్ అను గణితజ్ఞుడును దీనిని చక్కగా పరీక్షించిరి. ఒక పడవనుండి నీటిలోనికి గంటను వ్రేలాడదీసి, దానిని మ్రోగించిన క్షణముననే పడవమీద తుపాకిమందును భగ్గున మండించిరి. పదుమూడు కిలోమీటర్లకు పైగా దూరమున నున్న రెండవ పడవలో కొల్లాడన్ పొడవైన బూరను నీటిలో ముంచి చెవి యొగ్గి కూర్చుండెను. వెలుగు కనబడుటకును గంట వినబడుటకును నడుమ గడచిన కాలమునుబట్టి నీటిలో శబ్దము సెకనుకు 1435 మీటర్లు పోవునని తేలెను. ఇది గాలిలోని వేగమునకు నాలుగు రెట్లకంటె ఎక్కువ. సముద్రములో ఇది సుమారు 1500 మీటర్లు. శబ్దము కిలోమీటర్ల కొలది దూరము పోవును. బురదనీరైనను, వంకరదారియైనను లెక్కచేయదు.

మన దేశపు సునామీ హెచ్చరిక కేంద్రము 2007నుండి హైదరాబాదులో పనిచేయుచున్నది. సముద్రపు అడుగున నిలిపిన పీడనమాపకములు నీటి బరువులోని మార్పును శబ్దరూపమున పైనున్న తేలుబోయాకు చెప్పును. బోయా దానిని ఉపగ్రహము ద్వారా ఒడ్డునకు చేరవేయును. ఈ వార్తలో ఉండునవి కొన్ని అంకెలే గనుక శబ్దము దానికి చాలును. చిత్రములు పంపవలసి వచ్చినపుడే చిక్కు. ఇరువది లక్షల బైట్లుగల సామాన్యమైన ఫోటో యొక్కటి ఒక కోటి అఱువది లక్షల బిట్లగును. సెకనుకు 5000 బిట్లు మోయు శబ్దయంత్రము దానిని పంపుటకు ఏబదిమూడు నిమిషములు పట్టును. సెకనుకు ఒక కోటి బిట్లు మోయగల కాంతికి రెండు సెకనులు చాలును. శాస్త్రజ్ఞులు కాంతి వైపు మొగ్గుటకు కారణమిదియే.

అయితే నీరు కాంతిని కూడ సులభముగా పోనీయదు. దీని మర్మము సముద్రపు రంగులోనే యున్నది. విశాఖపట్టణమున బాల్యము గడపి, అక్కడనే మెట్రిక్యులేషను పరీక్షలో కృతార్థులైన చంద్రశేఖర వేంకట రామన్ 1921లో ఐరోపానుండి ఓడలో తిరిగి వచ్చుచు మధ్యధరా సముద్రపు గాఢనీలిమను చూచి ఆశ్చర్యపడిరి. సముద్రపు నీలిమ ఆకాశపు ప్రతిబింబమే యని అంతకుముందు కొందఱు పెద్దలు తలచియుండిరి. రామన్ ఒక చిన్న స్ఫటికపు పట్టకముతో ఆ ప్రతిబింబమును తొలగించి చూడగా నీలిమ మఱింత శోభిల్లెను. నీటి అణువులే కాంతిని చెదరగొట్టుచున్నవని వారు నిశ్చయించిరి. దానికి తోడు నీరు ఎఱుపు కాంతిని కొద్ది మీటర్లలోనే మ్రింగివేయును. మిగిలినవానిలో నీలము, ఆకుపచ్చ వన్నెలు అన్నిటికంటె దూరము పోవును. కావున నీటిలో వార్తలు మోయు దీపములు నీలివిగానో పచ్చనివిగానో యుండును. అది అందము కొఱకు కాదు. ఒడ్డు దగ్గఱ పాచి, మ్రగ్గిన ఆకుల రసము కలిసిన నీరు నీలమును కూడ త్రాగివేయును. అచ్చట ఆకుపచ్చయే మేలు.

నీటి నిర్మలత్వమును కొలుచుటకు 1865లో ఇటలీ దేశపు ఖగోళశాస్త్రజ్ఞుడు సెక్కి తెల్లని పళ్ళెమును త్రాటితో సముద్రములోనికి దింపి, అది కనుమఱుగగు లోతును గుర్తించెను. ఆ పళ్ళెము నేటికిని వాడుకలో నున్నది. ఇప్పటివారి లెక్కప్రకారము నిర్మలమైన నడిసముద్రమున పచ్చని కాంతికిరణము సుమారు నాలుగున్నర మీటర్లకు ఒకసారి సగమగును. తీరమున ఒకటిన్నర, రెండు మీటర్లకే సగమగును. రేవులోని బురదనీటిలో అడుగు దూరమునకే సగమగును. సగములో సగము, అందులో మరల సగము చేసికొనుచు పోయినచో నిర్మలజలమున 50 మీటర్లు దాటునప్పటికి పదునెనిమిది వందల పాళ్ళలో ఒక పాలు మిగులును. తీరజలమున అదే దూరమునకు కొన్ని కోట్ల పాళ్ళలో ఒక పాలైన మిగులుట కష్టము. నీటిలోని కాంతివార్తకు పది మీటర్లు, ఏబది మీటర్లు, మహా అయిన నూఱు మీటర్లు అని హద్దు చెప్పుటకు హేతువిదియే.

ఇంతవఱకు వచ్చినది నీటి దోషము. ఇక గుఱి దోషము కలదు. ఎండలో చిన్న అద్దము పట్టుకొని ఆ వెలుగుమచ్చను ఎదుటి యింటి గోడమీద ఆడించుట ఎఱుగని బాలుడుండడు. మణికట్టు ఇసుమంత కదలినంతనే మచ్చ గోడ విడిచి కప్పుమీదికి దుముకును. అద్దము ఎంత తిరిగిన కిరణము దానికి రెట్టింపు తిరుగును. గోడ ఎంత దూరమైన మచ్చ అంత ఎక్కువగా పరుగెత్తును. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ 1880లో తన సహాయకుడు టెయింటరుతో కలసి వాషింగ్టను నగరమున ఇట్టి అద్దముతోనే ఎండమీద మాటను పంపెను. పలుకుచున్నపుడు పలుచని అద్దము కంపించును. దానినుండి మఱలిన వెలుగు ఆ కంపమునకు తగినట్లు హెచ్చుచు తగ్గుచుండును. 213 మీటర్ల దూరమున సెలీనియముతో చేసిన గ్రాహకము ఆ హెచ్చుతగ్గులను మరల మాటగా మార్చెను. దీనిని బెల్ తన టెలిఫోనుకంటె గొప్పదిగా భావించెను. అయితే ఆనాడు పలికినవారును విన్నవారును కదలని కట్టడములపై నుండిరి. సముద్రమున కదలనిది ఏదియు లేదు.

లేసరు కిరణము మీటరు దూరమునకు ఒక మిల్లీమీటరు చొప్పున విచ్చుకొనునని యనుకొన్నచో, 50 మీటర్ల దూరమున అది అయిదు సెంటీమీటర్ల మచ్చయగును, అనగా నిమ్మకాయంత. పంపువాని ముఖము ఒక డిగ్రీ ప్రక్కకు వాలినచో ఆ మచ్చ 87 సెంటీమీటర్లు అవతల పడును. గడియారపు పెద్దముల్లు పది సెకనులలో తిరుగునంతటిది ఒక డిగ్రీ. అంత స్వల్పమైన వాలునకే మాట మొత్తము పోవును. గ్రాహకమునకు అరకొరగా వినబడుట యుండదు. మాట్లాడువాడు గదిలోనుండి వెడలిపోయినట్లే. అడుగున పారు ప్రవాహములు యంత్రమును త్రిప్పును. దాని చోదకచక్రము తిరుగుచు ఒడలంతయు వణకించును. పైనున్న బోయా అలలతో ఊగును. ఇవి చాలవన్నట్లు నీరే కిరణమును వంచును. వేసవి మధ్యాహ్నమున కాలిన బాటమీది గాలి మిలమిలలాడునట్లే, వెచ్చని నీరును చల్లని నీరును కలియుచోట కాంతి అటునిటు చలించును. గాలిబుడగల గుంపు వచ్చినచో కిరణము క్షణకాలము చీలిపోవును. దీపములు చేయువారికంటె గుఱి నిలుపువారికే ఈ విద్యలో ఎక్కువ పని పడినదనుట అతిశయోక్తి కాదు.

అందఱికిని మొదట తోచు ఉపాయము కిరణమును వెడల్పు చేయుట. వీథిదీపమును ఎవ్వరును ఎవ్వరి కంటికిని గుఱిపెట్టరు. దాని వెలుగులో ఎక్కడ నిలిచినను కనబడును. అట్లే పది డిగ్రీల వెడల్పుగల కాంతిని పంపినచో 50 మీటర్ల దూరమున అది తొమ్మిది మీటర్లకు కొంచెము తక్కువ అడ్డుకొలతగల పెద్ద వలయమగును. గ్రాహకము ఆ వలయములో ఎక్కడనున్నను సరియే. ఐనను దీని వెల తక్కువ కాదు. పది సెంటీమీటర్ల కటకము ఆ వలయములోని కాంతిలో సుమారు 7600 పాళ్ళకు ఒక పాలు మాత్రమే పట్టుకొనగలదు. వెడల్పును అఱువది డిగ్రీలు చేసినచో మూడు లక్షల పాళ్ళకు పైగా ఒక పాలు. నీరు మ్రింగినది దీనికి అదనము. ఎండాకాలమున కుండెడు నీటిని ఒక మొక్కకు పోయుటకును పొలమంతయు చల్లుటకును ఎంత భేదమో ఇచటను అంతియే.

ఈ నష్టమును తెలిసియే కొందఱు వెడల్పు మార్గమును ఎన్నుకొనిరి. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్రశాస్త్ర సంస్థవారు 2010లో ఉత్తర అమెరికా వాయవ్య తీరమునకు దూరముగా పసిఫిక్ సముద్రమున, రెండు వేల మీటర్లకు మించిన లోతున ఇట్టి పరికరమును నెలకొల్పిరి. అచ్చట సముద్రపు అడుగున త్రవ్విన బావిలో ఏండ్ల తరబడి కొలతలు వ్రాసికొను యంత్రము కలదు. దానికి నీలిపచ్చ దీపముల గుంపును జతచేసి, వెలుగు అన్ని ప్రక్కలకు వ్యాపించునట్లు చేసిరి. గ్రాహకముగా ఫోటోమల్టిప్లయరు అను నాళమును పెట్టిరి; అణుమాత్రమైన కాంతి సోకినను అది గుర్తింపగలదు. సుమారు నూఱు మీటర్ల లోపల నున్న యంత్రము ఏ దిక్కున నున్నను సెకనుకు ఒక కోటి బిట్ల వఱకు గ్రహింపగల ఏర్పాటు ఇది. అంతకుముందు ఆ కొలతలకై జలాంతర్గామి ఆ యంత్రమువఱకు పోయి, యాంత్రికమైన చేతితో తీగను తగిలింపవలసి వచ్చెడిది. ఈ విజయములో చీకటికి కూడ పాలు కలదు. సూర్యకాంతి ఎన్నడును చొరని లోతు గనుకనే అంతటి సున్నితమైన కన్ను అక్కడ పనిచేసినది. పగటివేళ పైనీటిలో తెఱచినచో అది ఎండకు గ్రుడ్డిదైపోవును.

రెండవ ఉపాయము పంపువానిని విడిచి చూచువానిని సంస్కరించుట. గ్రాహకపు కన్ను పెద్దదైనచో కిరణము కొంత తప్పినను అందులోనే పడును గదా యని తోచును. ఇచట ప్రకృతి రెండు అడ్డంకులు పెట్టినది. కాంతిని విద్యుత్తుగా మార్చు పలక పెద్దదగుకొలది దానిలో విద్యుత్తు నిండుటకును ఖాళీయగుటకును ఎక్కువ కాలము పట్టును. అది త్వరత్వరగా మిణుకుమను కాంతిని వేఱుచేసి చూడలేదు. పోనీ, చిన్న పలక ముందు పెద్ద కటకము నుంతమన్నచో, కటకము ఎంత పెద్దదైన అది చూడగల దిక్కు అంత ఇఱుకగును. దూరపు చుక్కను పెద్దదిగా చూపు దుర్భిణి ప్రక్కనున్న చెట్టును చూపజాలదు గదా.

ఈ రెండు అడ్డంకులను ఒక్కసారిగా తప్పించుకొన్న నేర్పును మెచ్చుకొనవలెను. జెనీవా సరస్సులో గంట నాదమును విన్న ఆ కొల్లాడనే కొన్ని యేండ్లకు, 1840 ప్రాంతమున, తన విద్యార్థులకు ఒక వింత చూపెను. నీటితొట్టి రంధ్రమునుండి వంగి పడుచున్న ధారలోనికి వెలుగును పంపగా, వెలుగు ధారను విడువక దానితోకూడ వంగి క్రిందికి పోయెను. ధార లోపలి గోడలకు ఏటవాలుగా తగిలిన కాంతి బయటికి పోలేక మరల మరల లోపలికే ప్రతిఫలించుట దీనికి కారణము. నేటి కాంతితంతువులకు మూలమైన సూత్రమిదియే. సౌదీ అరేబియాలోని కింగ్ అబ్దుల్లా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఇటీవలి సంవత్సరములలో ప్రత్యేకమైన రంగుపదార్థము కలిపిన సన్నని తంతువులను పలకవలె ప్రక్కప్రక్కన పేర్చిరి. నీలికాంతి ఏ ప్రక్కనుండి వచ్చి తాకినను ఆ పదార్థము దానిని త్రాగి, వేఱొక వన్నె కాంతిని తంతువు లోపలనే వెలిగ్రక్కును. అందులో కొంత భాగము కొల్లాడన్ నీటిధారలోవలె తంతువు వెంబడి జారి కొనకు చేరును. కొనయందు చిన్నదియు వేగవంతమైనదియు నగు పలక దానిని అందుకొనును. వల పెద్దది, మూతి చిన్నది. గుఱి తప్పిన కాంతి కూడ ఈ వలలో చిక్కును.

మూడవ ఉపాయము సన్నని కిరణమును సన్ననిదిగానే యుంచి, దానిని గుఱిమీద పట్టి నిలుపుట. దీనికి గ్రాహకపు పలకను నాలుగు గడులుగా విభజింతురు. వెలుగుమచ్చ సరిగా నడుమ పడినచో నాలుగు గడులకును సమానమైన కాంతి అందును. కుడిగడులకు ఎక్కువ అందినచో కిరణము కుడికి జరిగెనని యర్థము. కావడి మోయువాడు ఏ కుండ బరువైనదో భుజమునకు తెలిసినంతనే బద్దను సవరించుకొనునట్లు, యంత్రము సెకనుకు అనేక పర్యాయములు చిన్న అద్దమును అటునిటు కదల్చి మచ్చను నడుమకు తెచ్చుకొనుచుండును. కాని కావడి సవరించుకొనుటకు ముందు అది భుజముమీద నుండవలెను గదా! తొలుత ఒకరినొకరు కనుగొనుటయే కష్టము. అందులకు శబ్దము సహాయపడును. "ఇక్కడ నున్నాను" అని ఒకటి ధ్వనించును. రెండవది ఆ దిక్కునకు తిరిగి, మొదట వెడల్పైన కాంతిని గుండ్రముగా త్రిప్పి వెదకును. జాడ తగిలిన వెంటనే టార్చిదీపపు మూత త్రిప్పినట్లు కటకమును కదల్చి కిరణమును సన్నము చేయును. పాతదియని శబ్దమును వెలివేయక, దూరపు పిలుపునకు దానిని, దగ్గఱి మాటకు కాంతిని వాడుట ఇందులోని తెలివి. మసాచుసెట్సు సాంకేతిక సంస్థలో 2005లో ఈ రెంటిని జోడించియే, చిన్న రోబోచేత నీటి అడుగునున్న పరికరముల వార్తలను సేకరింపజేసిరి.

గుఱి పెట్టు శ్రమను సగము తగ్గించు ఉపాయము వేఱొకటి కలదు. గది మూలకు బంతిని విసరినచో అది మూడు గోడలకును తగిలి, ఏ దిక్కునుండి వచ్చెనో ఆ దిక్కునకే మరలివచ్చును. ఒకదాని కొకటి నిలువుగా కూర్చిన మూడు అద్దముల మూల కాంతిని అట్లే పంపినవాని యొద్దకు త్రిప్పి పంపును. సైకిలు వెనుకనుండు ఎఱ్ఱబిళ్ళలో ఉండునవి అట్టి మూలలే. 1969లో అపోలో-11 యాత్రికులు చంద్రునిమీద అట్టి మూలల పలకను ఉంచి వచ్చిరి. దానికి తగిలి వచ్చిన లేసరు కాంతితో భూమికిని చంద్రునికిని గల దూరమును నేటికిని కొలుచుచున్నారు. సముద్రపు అడుగున నున్న యంత్రమునకు ఇట్టి మూలను అమర్చి, దానిముందు త్వరగా మూయుచు తెఱచుచుండు తెరను పెట్టినచో, ఆ యంత్రమునకు సొంత దీపమే అక్కఱలేదు, గుఱియు అక్కఱలేదు. పైనుండి వచ్చిన కిరణముమీదనే తన వార్తను వ్రాసి త్రిప్పి పంపును. బ్యాటరీ మార్చు దిక్కులేని చోట ఇది గొప్ప లాభమే. నష్టమేమనగా, కాంతి రాకపోకలు రెండును చేయవలెను. నిర్మలజలమున 50 మీటర్లకు పదునెనిమిది వందలలో ఒక పాలు మిగులునని పైన చెప్పబడినది. తిరిగివచ్చునప్పటికి అది ముప్పది రెండు లక్షలలో ఒక పాలగును. కావున ఈ పద్ధతి దగ్గఱి మాటలకే తగును.

బురదనీటిలో ఒక విపరీతము జరుగును. అందలి రేణువులు కిరణమును చెదరగొట్టుటచే అది తనంత తానే వెడల్పగును. పుష్యమాసపు పొగమంచులో లారీదీపము చుట్టును తెల్లని వెలుగుముద్ద కానవచ్చుట అందఱు చూచినదే. అట్టి నీటిలో గుఱి కొంత తప్పినను గ్రాహకమునకు కొంత కాంతి చేరుచునే యుండును. నీరు స్వచ్ఛమైన కొలది గుఱి కఠినమగును. మలినమైన కొలది గుఱి సడలును, కాని కాంతియే కరవగును. పైగా చెదరి చుట్టుదారిన వచ్చిన కాంతి తిన్నగా వచ్చినదానికంటె ఆలస్యముగా చేరుటచే ఒక మిణుకు వెనుకటి మిణుకుతో కలిసిపోవును. అప్పుడు వార్తను నెమ్మదిగా పంపుటకంటె గత్యంతరము లేదు.

ఎంత జాగ్రత్తపడినను కిరణము అప్పుడప్పుడు తప్పక మానదు. చేప యొకటి అడ్డము వచ్చి సెకనులో పదవవంతు నిలిచినచో, కోటి బిట్ల ధారలో పది లక్షల బిట్లు గల్లంతగును. దీనికి వార్తను కూర్చు పద్ధతిలోనే విఱుగుడు కలదు. 1950లో అమెరికా గణితజ్ఞుడు హామింగ్ వార్తలోని బిట్లకు కొన్ని లెక్కబిట్లను జతచేసి, దారిలో ఒక బిట్టు చెడినను ఏది చెడినదో చేరినచోటనే కనిపెట్టి దిద్దుకొను మార్గమును ప్రకటించెను. అయితే తప్పులు చెదరి యున్నపుడే దిద్దుట సులభము. గుంపుగా వచ్చినచో కష్టము. అందుచే పంపుటకు ముందే బిట్లను కలగలుపుదురు. ఒక పద్యమును పదునాఱు తాటాకులమీద వ్రాయుచు, మొదటి యక్షరము మొదటి యాకున, రెండవది రెండవ యాకున, ఇట్లు వరుసగా వ్రాయుచు పోయినారనుకొందము. ఒక యాకు చెదలు తిన్నను పద్యములో ఏ పాదమును పూర్తిగా పోదు. అక్కడొకటి ఇక్కడొకటి చొప్పున అక్షరములు లోపించును. చదువ నేర్చినవాడు వానిని పూరించుకొనగలడు. లోపము మఱియు పెద్దదైనపుడు గ్రాహకము "ఫలానా భాగము అందలేదు" అని శబ్దముతో తెలుపగా, పంపువాడు ఆ భాగమును మరల పంపును.

ఈ ఉపాయములలో ఏ యొక్కటియు అన్నిచోట్లకు చాలదు. నడిసముద్రపు చీకటిలో వెడల్పుదీపము గెలుచును. రెండు యంత్రములు కొద్ది మీటర్ల దూరమున నిలిచి పెద్దమొత్తమున చిత్రములు ఇచ్చిపుచ్చుకొనవలసినపుడు సన్నని లేసరు గెలుచును. గోదావరి వఱదనీటివంటి ఎఱ్ఱనీటిలో కాంతి ఓడి, శబ్దమునకే పగ్గములు అప్పగింపవలెను. బ్లూఫిన్ వంటి రోబో నాలుగు వేల మీటర్ల లోతునుండి ఓడకు కాంతితో తిన్నగా మాటాడుట నేటికిని అసాధ్యము. చేయదగినది, అడుగున తిరుగువాని యొద్దకు మఱియొక రోబోను దింపి, నూఱు మీటర్ల లోపల నిలిపి, కాంతితో వార్త గ్రహించి పైకి తెచ్చునట్లు చేయుట. లేదా ఓడనుండి తంతువునకు కట్టిన గ్రాహకమును దాని సమీపమున వ్రేలాడదీయుట. అప్పుడు వెదకు రోబో తన పని ఆపి పైకి రానక్కఱలేదు.

ఇన్ని చిక్కులను విప్పుకొన్న పిదప, వెలుతురు సోకు పైనీటిలో నిలిపిన పరికరములకు చివరగా వచ్చు శత్రువు మిక్కిలి అల్పమైనది. కొన్ని వారములలోనే గాజుమీద పాచి పట్టును. ఆ పాచిమీద చిన్న చిన్న గవ్వపురుగులు కాపురము పెట్టును. గుఱి చక్కగా కుదిరియున్నను కంటికి పొర క్రమ్మినట్లు కాంతి లోపలికి చొరదు. దానికై సముద్ర పరికరములు చేయువారు గాజు ప్రక్కన చిన్న కుంచెను అమర్చి, మోటారు కారు అద్దమును తుడుచు చీపురువలె అది వేళకు తిరిగి గాజును తుడుచునట్లు చేయుచున్నారు.